నోరు విప్పని రోజులూ లెక్కలోకే వస్తాయి

(అమెరికాలో రెసిడెన్సీ, అంటే స్పెషాలిటీ ట్రైనింగ్, చేస్తున్న తెలుగు డాక్టర్ల సమావేశంలో, మధ్యలో స్పెషాలిటీ మారడం గురించి ఒక అనస్తీషియాలజిస్టు, అంటే మత్తు డాక్టరు, చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. రాత్రంతా కాల్ డ్యూటీ చేసి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. కళ్ళు చూస్తేనే తెలిసిపోతోంది. మీకు కునుకు పట్టినా నేనేమీ అనుకోను. నిద్ర మానుకుని వచ్చారంటేనే ఈ విషయం మీకు ఎంత అవసరమో అర్థమవుతోంది.

ఒక ప్రశ్న అడుగుతాను. చేతులెత్తకండి, పక్క కుర్చీలో మీ ప్రోగ్రామ్ వాళ్ళే ఉండొచ్చు. మనసులోనే జవాబు చెప్పుకోండి. ఈ నెల రోజుల్లో ఎప్పుడైనా, రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు, మీది కాని స్పెషాలిటీ గురించి ఫోన్‌లో వెతికారా? వెతికాక, ఎవరైనా చూస్తారేమోనని ఆ హిస్టరీ చెరిపేశారా?

అలా చెరిపేసినవాళ్ళ కోసమే నేను వచ్చాను.

కిందటి చలికాలంలో ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. ఇంటర్నల్ మెడిసిన్, రెండో సంవత్సరం. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. ఎక్కడున్నావు నాన్నా అంటే, "హాస్పిటల్ మెట్ల మీద ఉన్నానక్కా, ఇటు ఎవరూ రారు" అన్నాడు. స్పెషాలిటీ మారాలని ఉందట. ఆ మాట చెప్పడానికి అతనికి పది నిమిషాలు పట్టింది. పది నిమిషాలు! రోజూ పేషెంట్ల ఇంటివాళ్ళకు ఎంత కష్టమైన వార్తలైనా చెప్పే పిల్లవాడు, తన గురించి తాను ఒక్క వాక్యం చెప్పలేకపోయాడు. చివరికి, "ఏదో దొంగతనం చేస్తున్నట్టుగా ఉందక్కా" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అది నా మాటే. ఏళ్ళ క్రితం నేనూ అచ్చంగా అదే అనుకున్నాను.

నా సంగతి చెబుతాను. నేను జనరల్ సర్జరీలో మ్యాచ్ అయ్యాను, అంటే మన ఇష్టాలూ ప్రోగ్రాముల ఇష్టాలూ కలిపి సీట్లు పంచే మ్యాచ్‌లో నాకు ఆ సీటు వచ్చింది. ఐదేళ్ళ కేటగారికల్ సీటు, అంటే మొదటి నుంచి చివరి వరకూ అదే ప్రోగ్రామ్. ఫలితం వచ్చిన ఆ శుక్రవారం మా ఇంట్లో జరిగిన సంబరం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. సర్జరీ అంటే నాకు ఇష్టం లేదని కాదు, ఇష్టపడే చేరాను. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే మారాలనుకునేవాళ్ళందరూ మొదటి నుంచీ తప్పు దారిలోనే ఉన్నారనుకుంటారు జనం. అలా ఏమీ కాదు.

మొదటి సంవత్సరం నవంబరు. పొట్ట ఆపరేషన్ జరుగుతోంది, కోసిన చోటు మూసుకోకుండా నేను రిట్రాక్టర్ పట్టుకుని నిలబడ్డాను. పల్స్ ఆక్సిమీటర్ శబ్దం మీకందరికీ తెలుసు కదా, రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ స్వరం కిందికి దిగుతుంది. ఆ రోజు స్వరం దిగడం నా చెవికి వెంటనే తెలిసింది. మా అటెండింగ్, అంటే మా పై సర్జన్, పేగు మీద ఉన్నారు, సీనియర్ కుట్టు మీద ఉన్నారు. నా చేతులు ఇటువైపు ఉన్నాయి, నా చెవులు మాత్రం తెర అవతల ఉన్నాయి. అవతల అనస్తీషియాలజిస్టు ఏం చేస్తున్నారు, ట్యూబ్ చూస్తున్నారా, ఊపిరితిత్తులు వింటున్నారా, ఒత్తిడి పెంచారా, నా మనసంతా అక్కడే. రెండు నిమిషాల్లో స్వరం మళ్ళీ పైకి వచ్చింది. ఆ రోజు ఆపరేషన్ బాగా జరిగింది. కానీ ఇంటికి వెళ్ళేటప్పుడు నాకు గుర్తున్నది ఆ రెండు నిమిషాలే.

అప్పటి నుంచి గమనించడం మొదలుపెట్టాను. ప్రతి కేసులోనూ నేను తెర అవతలే ఉన్నాను. డిసెంబరు నాటికి నాకు తెలిసిపోయింది. తెలిసిపోయింది అంటే అనుమానం కాదు, నిజంగా తెలిసింది.

మరి ఎప్పుడు చెప్పాను? తర్వాతి సంవత్సరం అక్టోబరు చివర్లో. పదకొండు నెలలు. పదకొండు నెలలు నేను ఎవరికీ చెప్పలేదు. ఆ పదకొండు నెలల్లో ఒక మ్యాచ్ సీజన్ వెళ్ళిపోయింది. నా కాంట్రాక్టు ఇంకో సంవత్సరానికి రెన్యూ అయింది, దాని మీద సంతకం కూడా నేనే పెట్టాను. నాకు ఉపయోగపడని రెండో సంవత్సరం సర్జరీ మొదలైపోయింది. ఉపయోగపడదని ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను. మౌనంగా ఉన్నంత కాలం ఇంకా ఏమీ జరగలేదనే అనుకున్నాను. జరుగుతూనే ఉంది. ఈ రెసిడెన్సీ వ్యవస్థలో ప్రతిదానికీ రోజుల లెక్క ఉంది. మనం మాట్లాడినా మాట్లాడకపోయినా ఆ లెక్క ఆగదు. ఈ రోజు మీకు చెప్పాలనుకున్నది ప్రధానంగా ఇదే, మిగతాదంతా దీని చుట్టూనే.

అయితే లెక్కల్లోకి వెళ్ళే ముందు ఒక మాట. మీరు దేన్ని వదలాలనుకుంటున్నారు? స్పెషాలిటీనా, ప్రోగ్రామ్‌నా, లేక ఈ అలసటనా? ఈ మూడూ లోపల నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. మూడింటికీ పొద్దున్నే లేవబుద్ధి కాదు. మూడింటికీ హాస్పిటల్ పార్కింగ్‌లో కారులోనే పది నిమిషాలు కూర్చుండిపోతాం. కానీ మందు వేరు. ప్రోగ్రామ్‌తో ఇబ్బందైతే అదే స్పెషాలిటీలో వేరే ప్రోగ్రామ్‌కు వెళ్ళొచ్చు. స్పెషాలిటీ మారితే ఆ ఇబ్బంది పోదు, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు.

ఎలా తెలుస్తుంది? నేనైతే ఇలా అడుగుతాను. వారానికి 80 గంటలు కాకుండా 50 గంటలే అయితే, అందరూ మర్యాదగా మాట్లాడితే, ఈ పని చేస్తారా? చేస్తానంటే మీ సమస్య స్పెషాలిటీ కాకపోవచ్చు. ఇంకో ప్రశ్న. మీ స్పెషాలిటీలో అటెండింగుల రోజు ఎలా ఉంటుందో చూడండి. ఇంటర్న్ రోజు కాదు, అటెండింగ్ రోజు. ఇంటర్న్‌గా మీరు ఉండేది ఒక్క సంవత్సరం, అటెండింగ్‌గా ముప్పై ఏళ్ళు. ఆ ముప్పై ఏళ్ళ పని మీకు కావాలనిపిస్తోందా? సర్జరీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అటెండింగ్ జీవితం చూసినా నాకు అది కావాలనిపించలేదు. ఆవిడ మీద గౌరవం నిండుగా ఉంది, కానీ ఆవిడ స్థానంలో నన్ను ఊహించుకోలేకపోయాను. నాకు జవాబు అక్కడ దొరికింది.

మూడోది, అలసట. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏ పనీ రుచించకపోవడం, ఇంతకు ముందు నచ్చినవి కూడా నచ్చకపోవడం, బతకడం ఎందుకు అనిపించడం, ఇది స్పెషాలిటీ సమస్య కాదు తల్లీ, ఇది వైద్యం కావలసిన సమస్య. ముందు దానికి వైద్యం. 988 సహాయ లైన్‌కి ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా, ఏ గంటకైనా మనిషి పలుకుతారు. ఆ స్థితిలో ఉండి సీటు వదిలే నిర్ణయం తీసుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

సరే, లెక్కలు. మొదటి లెక్క 45 రోజులు. మ్యాచ్‌లో వచ్చిన సీటు అంటే అది ఒప్పందం. ట్రైనింగ్ మొదలైన తర్వాత 45 రోజుల వరకూ మీరు ఆ ఒప్పందానికి కట్టుబడి ఉండాలి. ఆ లోపు రాజీనామా చేస్తే, మ్యాచ్ నడిపే ఎన్‌ఆర్‌ఎంపీ దాన్ని ఉల్లంఘనగా చూస్తుంది. నిజంగా వదలక తప్పని పరిస్థితి ఉంటే ముందు వాళ్ళ దగ్గర వెయివర్, అంటే మినహాయింపు, అడగాలి. వెయివర్ రాకముందే ఇంకో ప్రోగ్రామ్‌తో సీటు గురించి మాట్లాడటం కూడా తప్పే, మీకూ తప్పే, మాట్లాడిన ఆ ప్రోగ్రామ్‌కూ తప్పే. ఒక్క ఏడాది ప్రిలిమినరీ సీటు చేస్తూ, వచ్చే ఏడాది నుంచి మొదలయ్యే అడ్వాన్స్‌డ్ స్పెషాలిటీ సీటు చేతిలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఉన్నారా? మీకు మనసు మారితే ఇంకా ముందే మేలుకోవాలి. స్పెషాలిటీ మార్పు కోసం వెయివర్ అడిగే గడువు, ఆ సీటు మొదలయ్యే జులైకి ముందు, జనవరిలోనే ముగిసిపోతుంది. మే నెలలో గుర్తొస్తే లాభం లేదు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. ప్రోగ్రామ్ డైరెక్టర్. మన పీడీ.

నాకు వచ్చే ఫోన్లలో పదిలో తొమ్మిదిమంది ఒకటే అడుగుతారు. పీడీకి తెలియకుండా మారొచ్చా అక్కా? మారలేరు. అది మర్యాద గురించి చెప్పే మాట కాదు, నియమమే అంత. మీరు ఇంకో ప్రోగ్రామ్‌కు వెళ్ళాలంటే, మిమ్మల్ని తీసుకునేవాళ్ళు మీ ఇప్పటి ప్రోగ్రామ్ నుంచి మీరు ఏమేం చేశారో ధ్రువీకరణ, మీ పనితీరు మీద మూల్యాంకనం తెప్పించుకోవాలి. తీసుకోవడానికి ముందే తెప్పించుకోవాలి. రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చే ఏసీజీఎంఈ నిబంధన అది. చేరాక మీ మైల్‌స్టోన్స్, అంటే మీ ఎదుగుదల మీద వేసిన అంచనాలు కూడా అక్కడికి వెళ్తాయి. అంటే ఏదో ఒక రోజు మీ పీడీ డెస్క్ మీదికి ఆ కాగితం వస్తుంది. ఆ కాగితం ముందు రావాలా, మీరు ముందు రావాలా? అదొక్కటే మీ చేతుల్లో ఉంది.

నేను ఎలా చెప్పానో చెబుతాను. ఈమెయిల్‌లో "కెరీర్ గురించి అరగంట మాట్లాడాలి" అని అపాయింట్‌మెంట్ అడిగాను. కారణం అందులో రాయలేదు. ముందు రోజు రాత్రి అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్నాను. లోపలికి వెళ్ళి కూర్చోగానే మొదటి వాక్యమే అది. "నేను అనస్తీషియాకు మారాలనుకుంటున్నాను. ఈ సంవత్సరం నా పని పూర్తిగా చేసే వెళ్తాను. మీ సహాయం కావాలి." మూడు వాక్యాలు. సర్జరీ మీద ఒక్క ఫిర్యాదు కూడా చెప్పలేదు, కాల్ షెడ్యూలు గురించి మాట్లాడలేదు, ఆ సీనియర్ నన్ను ఏమన్నాడో చెప్పలేదు. అవి నిజాలే, కానీ ఆ గదిలో అవి చెబితే మనం పారిపోతున్నట్టు వినిపిస్తుంది. మనం ఎటు వెళ్తున్నామో చెబితే చాలు.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎప్పటి నుంచి అనుకుంటున్నారు?" అన్నారు. డిసెంబరు నుంచి అన్నాను. ఆయన ముఖంలో కోపం లేదు, బాధ ఉంది. "డిసెంబరులోనే చెప్పి ఉంటే మీకు అప్పుడే సిఫారసు లెటర్ రాసేవాడిని. మీ సీటుకు కూడా ఒకరిని వెతుక్కునేవాడిని" అన్నారు. అంతే అన్నారు. నేను పదకొండు నెలలు భయపడింది ఈ గదికి. ఈ ఒక్క మాటకి.

అందరికీ ఇలాంటి పీడీ దొరకరు, నాకు తెలుసు. చెప్పిన మర్నాటి నుంచి ముఖం చాటేసినవాళ్ళ గురించి విన్నాను. మంచి కేసులు ఆపేసినవాళ్ళ గురించి, లెటర్ ఇస్తామని నెలల తరబడి తిప్పినవాళ్ళ గురించి విన్నాను. అలా జరిగితే మీకు దారి లేకుండా పోలేదు. ప్రతి హాస్పిటల్‌లోనూ రెసిడెన్సీలన్నిటినీ చూసుకునే జీఎంఈ ఆఫీసు ఉంటుంది, దానికి బాధ్యులుగా డీఐఓ ఉంటారు. ఫిర్యాదు వినే పద్ధతి ప్రతి సంస్థకూ రాతపూర్వకంగా ఉండి తీరాలి. మీ కాంట్రాక్టు తీసి చదవండి. చదివారా ఎప్పుడైనా? సంతకం పెట్టిన రోజు తర్వాత ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. రెన్యువల్ ఎప్పుడు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అన్నీ అందులోనే ఉంటాయి. పీడీని కలిసిన రోజు సాయంత్రమే, మాట్లాడుకున్న విషయాలు రెండు మూడు వాక్యాల్లో ఈమెయిల్ పెట్టండి. థాంక్యూ చెబుతూనే పెట్టండి. అది మీకు రికార్డు.

ఆ గదిలో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. చాలామంది మొహమాటపడి వదిలేస్తారు. "నాకు మ్యాచ్ కాకపోతే ఇక్కడ నా సీటు ఉంటుందా?" ఆ జవాబు తెలియకుండా దరఖాస్తు పెట్టకండి. కొత్త సీటు కాగితం మీద రాకుండా రాజీనామా ఇవ్వకండి. నోటి మాట మీద, ఫోన్ మాట మీద సీటు వదులుకోకండి. మళ్ళీ చెబుతున్నాను, నోటి మాట మీద సీటు వదులుకోకండి.

తోటివాళ్ళ సంగతి కూడా దాచను. మీరు వెళ్ళిపోతే మీ కాల్స్ ఎవరో చెయ్యాలి. అది వాళ్ళకు కష్టమే, కోపం వస్తే అది న్యాయమే. నా బ్యాచ్‌లో ఒక అమ్మాయి నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. నేను చెయ్యగలిగింది ఒకటే. చివరి రోజు వరకూ నా పేజర్ మొదటి రింగుకే ఎత్తాను, పండగ కాల్స్ అడిగి తీసుకున్నాను. వెళ్ళే ముందు జూన్‌లో ఆ అమ్మాయే నా పేషెంట్ల లిస్టు నా దగ్గర తీసుకుంది, అప్పుడు మాట్లాడింది.

ఇక డబ్బు. మన జీతం కాదు, మన కోసం హాస్పిటల్‌కు ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఇచ్చే డబ్బు. ఇది రెసిడెంట్లకు ఎవరూ చెప్పరు, కానీ కొన్ని ప్రోగ్రాములు మిమ్మల్ని తీసుకోవడానికి వెనకాడితే కారణం ఇదే కావచ్చు. మీరు మొదట ఏ స్పెషాలిటీలో చేరారో, దాని బోర్డు సర్టిఫికెట్‌కు కనీసం ఎన్నేళ్ళ ట్రైనింగ్ కావాలో, అన్నేళ్ళ గడియారం మీ పేరు మీద మొదలవుతుంది. ఇనీషియల్ రెసిడెన్సీ పీరియడ్ అంటారు. ఐదేళ్ళకు మించదు. ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్‌కు మూడేళ్ళు. సైకియాట్రీ, అనస్తీషియాకు నాలుగు. జనరల్ సర్జరీకి ఐదు. ఆ ఏళ్ళు దాటాక, మెడికేర్ మన ట్రైనింగ్ ఖర్చుకు ఇచ్చే డైరెక్ట్ పేమెంట్ లెక్కలో మీరు పూర్తి మనిషి కాదు, సగం మనిషి. స్పెషాలిటీ మారినంత మాత్రాన గడియారం మళ్ళీ మొదటికి రాదు.

దీన్ని నా విషయంలో పెట్టి చూడండి. నేను సర్జరీలో మొదలుపెట్టాను కాబట్టి నాకు ఐదేళ్ళు. రెండేళ్ళు సర్జరీ, మూడేళ్ళు అనస్తీషియా, ఐదుకి ఐదు సరిపోయింది. నన్ను తీసుకున్న ప్రోగ్రామ్‌కు పైసా తగ్గలేదు. అదే ఫ్యామిలీ మెడిసిన్‌లో రెండేళ్ళు చేసి సర్జరీకి వెళ్దామనుకునేవాళ్ళకు? గడియారం మూడేళ్ళదే. సర్జరీలో మొదటి సంవత్సరం తర్వాత మిగతా నాలుగేళ్ళూ సగమే. అలాగని అవకాశమే లేదనుకోవద్దు. ఇన్‌డైరెక్ట్ పేమెంట్ అని ఇంకొకటి ఉంది, అది ఈ గడియారం వల్ల తగ్గదు. 1997 చట్టంతో మెడికేర్ డబ్బు ఇచ్చే రెసిడెంట్ల సంఖ్యకు పరిమితి పెట్టారు కదా, చాలా హాస్పిటళ్ళు ఆ పరిమితి దాటి సొంత డబ్బుతోనే రెసిడెంట్లను తీసుకుంటున్నాయి. అలాంటి చోట మీ గడియారం పెద్ద అడ్డు కాదు. ఇంటర్వ్యూలో మీరే చెప్పండి, నాకు ఇన్నేళ్ళు మిగిలి ఉంది అని. ట్రాన్సిషనల్ ఇయర్, అంటే ఏ ఒక్క స్పెషాలిటీకీ చెందని మొదటి సంవత్సరంతో మొదలుపెట్టినవాళ్ళకు కొంచెం మేలు, రెండో సంవత్సరంలో ఏ స్పెషాలిటీలో చేరితే దాన్ని బట్టే లెక్క కడతారు.

ఇక వీసా. ఇక్కడ సగం మంది పైగా కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. జే-1, అంటే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు శ్రద్ధగా వినండి. జే-1 డాక్టరుగా వచ్చినవాళ్ళు తమ ట్రైనింగ్ ప్రోగ్రామ్‌ను, అంటే స్పెషాలిటీని, మార్చుకోవచ్చు. ఒక్కసారే. అదీ ఈ దేశానికి ఆ హోదాలో వచ్చిన రెండేళ్ళ లోపే. మొత్తం ట్రైనింగ్ మామూలుగా ఏడేళ్ళకు మించకూడదు, రెసిడెన్సీ తర్వాత ఫెలోషిప్ ఆలోచన ఉన్నవాళ్ళు అది కూడా కూడి చూసుకోవాలి. రెండేళ్ళు అంటే చాలా ఉంది కదా అనిపిస్తుంది. లేదు. మొదటి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్‌లో ఊపిరి ఆడదు. తర్వాత ఆరు నెలలు, ఇది అలసటేమో, పోతుందేమో అని చూస్తాం. అప్పటికే ఒక మ్యాచ్ పోయింది. మిగిలింది ఒక్కటే అవకాశం, దాని జులై ఒకటి నాటికి మీ రెండేళ్ళు నిండుతాయా నిండవా అన్నది మీరు దిగిన తేదీ మీద ఆధారపడుతుంది. ఆ తేదీ మీ ఐ-94లో, అంటే దేశంలోకి వచ్చిన రికార్డులో ఉంటుంది. మీ హాస్పిటల్‌లో, జే-1 డాక్టర్లకు స్పాన్సర్ అయిన ఈసీఎఫ్‌ఎంజీతో మాట్లాడే ట్రైనింగ్ ప్రోగ్రామ్ లయజాన్ అని ఒకరు ఉంటారు. స్నేహితుల మాట, గ్రూపుల్లో మాట వద్దు, ఆ మనిషిని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

నేను అప్పుడు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. అందుకే నా పదకొండు నెలల మౌనం నాకు ఒక సంవత్సరంతో పోయింది. జే-1 మీద ఉండి ఉంటే? ఆ తలుపు పూర్తిగా మూసుకుపోయేది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. హెచ్-1బీ వాళ్ళకు రెండేళ్ళ నిబంధన లేదు, కానీ కొత్త హాస్పిటల్ కొత్త పిటిషన్ వెయ్యాలి, ఆరేళ్ళ పరిమితి ఉంది, కొన్ని ప్రోగ్రాములు హెచ్-1బీ అసలు ఇవ్వవు. దరఖాస్తు పెట్టేటప్పుడే అడగండి. పాత ఉద్యోగానికీ కొత్త ఉద్యోగానికీ మధ్య ఖాళీ రోజులు ఎన్ని వస్తున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

క్రెడిట్ గురించి చెబుతానన్నాను కదా. మీరు చేసిన సంవత్సరాలన్నీ కొత్త స్పెషాలిటీలో లెక్కకు రావు. బోర్డు ఒప్పుకోవాలి, కొత్త పీడీ ఒప్పుకోవాలి. అనస్తీషియాకు క్లినికల్ బేస్ ఇయర్ అని పునాదిగా ఒక సంవత్సరం, దాని మీద మూడేళ్ళు. నా మొదటి సర్జరీ సంవత్సరంలో ఎమర్జెన్సీ నెల ఉందా, ఐసీయూ నెల ఉందా అని చూసి దాన్ని బేస్ ఇయర్‌గా తీసుకున్నారు. రెండో సంవత్సరం? దానికి పెట్టడానికి చోటు లేదు. నేను బాగా చెయ్యలేదని కాదు, ఆ గడిలో ఒకే సంవత్సరం పడుతుంది. సైకియాట్రీలోనూ అంతే, మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్ లేదా పీడియాట్రిక్స్‌లో ఒక సంవత్సరం చేసి ఉంటే మొదటి సంవత్సరంగా తీసుకోవచ్చు, తర్వాత మూడేళ్ళు సైకియాట్రీ చెయ్యాలి. రెండేళ్ళు చేసి వెళ్ళినా ఆ మూడేళ్ళు మూడేళ్ళే. అలాగని ఆ రెండో సంవత్సరం వృథా అయిందని నేను అనను. ఈ రోజు తెర అవతల రక్తం ఎక్కువ పోతోందని సర్జన్ చెప్పకముందే, ఆవిడ చేతుల వేగం చూసి నాకు తెలుస్తుంది. అది ఆ సంవత్సరం ఇచ్చిందే. కానీ ఇరవయ్యేడేళ్ళ వయసులో ఒక సంవత్సరం ఎంత పెద్దదో మీకు తెలుసు.

సీట్లు ఎక్కడ దొరుకుతాయి? మూడు దారులు. మ్యాచ్‌లో ఆర్ పొజిషన్లని ఉంటాయి, ఇప్పటికే రెసిడెన్సీ కొంత చేసిన డాక్టర్ల కోసమే, మ్యాచ్ అయిన ఏడాది జులైలోనే మొదలవుతాయి. నాకు వచ్చింది అదే. రెండోది, మధ్యలో ఖాళీ అయ్యే సీట్లు. ఎవరో మానేస్తారు, ఎవరో మారతారు. ప్రోగ్రాముల వివరాలుండే ఫ్రీడా వెబ్‌సైట్‌లో చూడండి, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్లకు నేరుగా రాయండి, చిన్నగా, మర్యాదగా. మూడోది మీ సొంత హాస్పిటల్. ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మీ పని ఇప్పటికే చూశారు, ఏ లెటర్ కన్నా అది ఎక్కువ. కానీ మీ పీడీకి చెప్పకుండా పక్క డిపార్ట్‌మెంట్ తలుపు తట్టొద్దు. సాయంత్రానికే తెలిసిపోతుంది.

ఇంట్లో వాళ్ళు. మా నాన్నకు ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే, మత్తు డాక్టరా అమ్మా?" అన్నారు. ఆ "అంటే"లో ఉన్నదంతా నాకు అర్థమైంది. ఒక సర్జన్‌కు తండ్రి అనిపించుకోవాలని ఆయనకు ఎంత ఉండేదో నాకు తెలుసు. ఆయన్ని తప్పుపట్టను. నేను ఆయనకు బోస్టన్ సంగతి చెప్పాను. 1846 అక్టోబరు 16న మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మోర్టన్ అనే ఆయన ఈథర్ ఇచ్చాడు నాన్నా, వారెన్ అనే సర్జన్ రోగి మెడ మీద గడ్డకు ఆపరేషన్ చేశాడు, ఆ మనిషి అరవలేదు, పెనుగులాడలేదు. అంతకు ముందు మంచి సర్జన్ అంటే ఎవరో తెలుసా, వేగంగా కోసేవాడు. మనిషి మేలుకునే ఉంటాడు కదా, పట్టుకోవడానికి నలుగురు కావాలి. మత్తు వచ్చాకే సర్జన్‌కు నిదానంగా ఆలోచించే టైమ్ దొరికింది. ఆ టైమ్ ఇచ్చే పని నాది నాన్నా, అన్నాను. ఆ రోజు ఆయన ఊఁ అన్నారు, అంతే. రెండేళ్ళ తర్వాత ఆయనకే మోకాలి ఆపరేషన్ అయింది. మత్తిచ్చిన డాక్టరు ముందు రోజు వచ్చి ఏమేం అడిగారో, ఎలా ధైర్యం చెప్పారో నాకు ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పారు. సర్జన్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ప్రశ్నలకు టైమ్ ఉందా? ఒకటి తీసుకుంటాను. చెప్పమ్మా. మైక్ దగ్గరగా పెట్టుకో.

ఆ అమ్మాయి అడిగింది వెనకవాళ్ళకు వినపడలేదేమో, నేను చెబుతాను. ఇంటర్నల్ మెడిసిన్, ఈ జులైలోనే చేరింది, జే-1. సైకియాట్రీకి వెళ్ళాలని ఉంది. ఇంకో ఆరు నెలలు చూసి, అప్పటికీ అలాగే అనిపిస్తే పీడీతో మాట్లాడదామనుకుంటోంది.

అమ్మా, ఇప్పుడు అక్టోబరు. ఆరు నెలలంటే ఏప్రిల్. ఎవరికి ఏ సీటు ముందు కావాలో చెప్పే ర్యాంక్ లిస్టులు మార్చి మొదటికే ఇచ్చేస్తారు, మ్యాచ్ మార్చి మూడో శుక్రవారం. నువ్వు చెప్పే రోజుకి ఈ సీజన్ అయిపోయి ఉంటుంది. నీ మెడిసిన్ గడియారం మూడేళ్ళు. వచ్చే జులైలో సైకియాట్రీ రెండో సంవత్సరంలో చేరితే ఒక్క ఏడాదే సగం లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాతి జులై అయితే రెండేళ్ళు సగం, నీ రెండో మెడిసిన్ సంవత్సరం ఎక్కడా పట్టదు, దానికి తోడు జే-1 రెండేళ్ళ గడువు అంచు మీద నిలబడతావు. చూశావా, ఆరు నెలలు అనుకున్నది ఎంత దూరం తీసుకెళ్తోందో.

నీకు ఖాయంగా తెలియదు అంటున్నావు, అర్థమైంది. తెలుసుకోవడానికి ఆరు నెలలు అక్కర్లేదు. మీ హాస్పిటల్‌లో సైకియాట్రీ కన్సల్ట్ టీమ్ ఉంది కదా? ఈ రెండు వారాల్లో నీ సెలవు రోజు ఒకటి ఉంటుంది, ఆ రోజు వాళ్ళతో తిరుగు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అటెండింగ్ ఏం చేస్తారో చూడు. ఆ రోజు చివర్లో ఇంకా అక్కడే ఉండాలనిపిస్తే నీకు జవాబు దొరికినట్టే. ఆ అటెండింగ్‌నే అడుగు, లెటర్ రాస్తారా అని. తర్వాత మీ పీడీ.

ఎప్పుడు సెలవు నీకు? వచ్చే గురువారమా. సరే, అయితే ఈ రాత్రే ఆ కన్సల్ట్ టీమ్‌కు ఈమెయిల్ పెట్టు. నాకు సీసీ చెయ్యక్కర్లేదు, పెట్టాక ఒక్క మెసేజ్ పంపు. నా నంబర్ ఇక్కడి వాళ్ళ దగ్గర ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరు తర్వాత నేను ఖాళీ, నువ్వే ఫోన్ చెయ్యి. మెట్ల మీద నుంచి కాదు, ఇంటికి వెళ్ళి, కూర్చుని చెయ్యి.